నాగవేణి నోటుపుస్తకాలు

మా ఇంటి అటక మీద ఒక రేకు పెట్టె ఉంది. అందులో మూడు లావుపాటి నోటుపుస్తకాలున్నాయి. అవి నావి కావు. ఇన్నేళ్లలో ఎన్ని ఇళ్లు మారినా వాటిని వెంట మోసుకుపోయాను. ఎవరికీ చూపలేదు. పారేయలేదు. కాల్చేద్దామని ఒకసారి పెరట్లోకి తీసుకుపోయి, అగ్గిపెట్టె మరిచిపోయానని నాకు నేనే చెప్పుకుని వెనక్కి తెచ్చాను. అగ్గిపెట్టె నా జేబులోనే ఉంది. అవేమిటని నా భార్య అడిగితే పాత కోర్సు నోట్సు అన్నాను. నేను చెప్పిన అబద్ధాల్లో అది చిన్నది. పెద్దది ఇవాళ మీకు చెప్పాలని కూర్చున్నాను.

మీకే ఎందుకంటే, మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెబితే ఓదారుస్తారు. ఆ వయసులో అందరూ ఏదో ఒకటి చేస్తారులే అంటారు. ఆ మాట తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది. మీరు మాత్రం అలా అనకండి. చదవండి, అసహ్యించుకోండి, పుస్తకం మూసేయండి. నాకు అంతకంటే ఏమీ అక్కర్లేదు.

నేను వెబ్‌సైట్లు తయారు చేసేవాణ్ణి. ఇప్పుడూ అదే పని, కాకపోతే వేరేవాళ్ల చేత చేయిస్తున్నాను. ఇది రెండువేల ఐదు, ఆరు నాటి సంగతి. మాది ఆత్మకూరు దగ్గర వ్యవసాయం చేసే కుటుంబం. డిగ్రీ అయ్యాక హైదరాబాదులో ఆరు నెలల కోర్సు చేశాను. అక్కడ ఉద్యోగం దొరకలేదు. తిరిగొచ్చి గద్వాలలో ఒక చేనేత సంఘంలో చేరాను. చీరలు ఇంటర్నెట్లో పెడితే ఎక్కడెక్కడివాళ్లో నేరుగా కొంటారని సంఘం సెక్రటరీకి ఎవరో చెప్పారు. ఆయనకు కంప్యూటరంటే భయం, భక్తి రెండూ ఉండేవి. చీరల గోదాములో ఒక మూల నాకు కుర్చీ, టేబులు, కంప్యూటరు ఇచ్చాడు. మూడు నెలల్లో సైటు నిలబెట్టాను. సంఘంలో అందరూ నన్ను వెబ్‌సైట్ సార్ అనడం మొదలుపెట్టారు. పాతికేళ్ల వయసులో ఆ పిలుపు బాగా తలకెక్కింది.

తర్వాత అన్నీ మారడం మొదలైంది.

ఈ పని తెలియనివాళ్లకు ఆ కోపం ఎలా చెప్పాలో నాకిప్పటికీ తెలియదు. మీరొక ఇల్లు కట్టారనుకోండి. ఒక పొద్దున లేచేసరికి తలుపులన్నీ అడ్డంగా తిరిగి ఉంటాయి. ఎవరు తిప్పారయ్యా అంటే, ఇకనుంచి లోకంలో తలుపులు ఇలాగే ఉంటాయి, నీ గోడలు నువ్వే మార్చుకో అంటారు. సరేనని గోడలు మారుస్తారు. మార్చి చేతులు కడుక్కునేలోపు కిటికీలు పోతాయి. కోర్సులో నాకు గళ్లు గీసి, ఆ గళ్లలో బొమ్మలూ మాటలూ పెట్టి పేజీ కట్టడం నేర్పారు. అది నా చేతికి పట్టుబడేలోపే అది మోటు పద్ధతి అయిపోయింది. బ్రౌజరు కొత్తది వచ్చింది. దాంట్లో నా చీరల బొమ్మలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. దాన్ని సరిచేస్తే పాత బ్రౌజర్లో చెదిరిపోయాయి. పేజీలు నడిపించే ప్రోగ్రాం భాషకు కొత్త వెర్షన్ వచ్చింది. నేను బట్టీ పట్టిన ఆదేశాల్లో సగం దానికి పనికిరాలేదు. స్క్రీన్ నిండా తప్పు, తప్పు, తప్పు అని వరసలు. ఆ కొత్తవన్నీ టెలిఫోన్ లైను మీద దించుకోవడానికి సగం పూట పట్టేది. ముప్పాతిక దిగాక కరెంటు పోయేది. మళ్లీ మొదటినుంచి.

ప్రతిదానికీ ఒక తీయటి కబురు కూడా వెంట వచ్చేది, మీ సౌకర్యం కోసం మరింత మెరుగుపరిచాం అని. ఎవడడిగాడు మిమ్మల్ని? పని చేస్తున్న దాన్ని చెడగొట్టి, దానికి పండగ చేసుకునే ఆ మనుషులెవరో నా ఎదుటికి వస్తే కొట్టేవాణ్ణి. నిజంగానే కొట్టేవాణ్ణి. ఒకరోజు కీబోర్డును టేబులు మీద వేసి బాదితే మూడు అక్షరాలు ఊడి కింద పడ్డాయి. చీరలు మడతపెట్టే ఆడవాళ్లు వాటిని ఏరి తెచ్చి నా ముందు పెట్టి, నవ్వాపుకుంటూ వెళ్లారు.

అది కోపమని అప్పట్లో అనుకునేవాణ్ణి. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, అందులో సగానికి పైగా భయమే ఉంది. నాకు వచ్చిందల్లా ఒక్క విద్య. అది ఏడాదికోసారి చెల్లకుండా పోతుంటే, నేను మళ్లీ ఏమీ రానివాణ్ణి అయిపోతానని భయం. వెబ్‌సైట్ సార్ అన్న పిలుపు పోతుందని భయం. ఆ భయాన్ని ఎవరి మీద చూపించాలో తెలియక వెతుక్కుంటున్న రోజుల్లో నాగవేణి వచ్చింది.

రాజోలి అమ్మాయి. ఇంటర్ చదివి టైపు నేర్చుకుంది. వాళ్ల నాయన కిష్టప్ప నేతగాడు. చూపు తగ్గి మగ్గం దిగాడు. ఇంట్లో సంపాదన ఆమెదే. చీరల వివరాలు టైపు చేయడానికి సెక్రటరీ ఆమెను పెట్టుకున్నాడు. రోజూ బస్సులో వచ్చి పోయేది. ఉన్న ఒక్క కంప్యూటరు మీదే ఇద్దరం వంతులవారీగా పని చేసేవాళ్లం.

రంగు, పొడవు, అంచు వెడల్పు టైపు చేయమంటే ఆమె అంతటితో ఆగలేదు. నేసిన చీరలు ఇవ్వడానికి వచ్చిన ముసలి నేతగాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించేది. ఈ అంచు నీకెవరు నేర్పిండ్రు తాతా, దీన్ని మీ ఇంట్ల ఏమంటరు, అని అడిగేది. వాళ్లు చెప్పింది చెప్పినట్టు నోటుపుస్తకంలో రాసుకునేది. అదంతా తర్వాత టైపు చేసి ఆ చీర బొమ్మ కింద పెట్టేది. మొదటి పుస్తకం మొదటి పేజీలో వాళ్ల నాయన మాటలే ఉన్నాయి. "అంచు పట్టు, నడుమ నూలు. రెండూ ఒక్క తీరుగ ఉండవు బిడ్డా. తడిస్తే ఒకటి గుంజుకుంటది, ఒకటి గుంజుకోదు. గందుకే అతుకు కాడ చెయ్యి మెత్తగ ఉండాలె." మొదట నేను నవ్వాను. ఎవడు చదువుతాడమ్మా ఇదంతా అన్నాను. చదివారు. ఎక్కడో దూరాన ఉన్న తెలుగువాళ్లు మెయిల్‌లో ఉత్తరాలు రాశారు, చీర గురించి కాదు, ఆ మాటల గురించి. సెక్రటరీ వాటిని ప్రింటు తీయించి గోడకు అంటించాడు. నేను కట్టిన పేజీల గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు.

అప్పట్లో తెలుగును ఒక ప్రత్యేకమైన ఫాంటులో టైపు చేసేవాళ్లం. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లోనే అది తెలుగులా కనిపించేది. కొత్త బ్రౌజరు వచ్చాక అదీ పోయింది. మా పేజీల నిండా పిచ్చి గీతలు, చెదిరిన ఇంగ్లీషు అక్షరాలు. తమ పేరు చూసుకోవాలని మనవళ్లను వెంటబెట్టుకుని వచ్చిన ముసలివాళ్లు ఆ గీతలు చూసి వెళ్లిపోయేవాళ్లు. తెలుగు తీసేసి ఇంగ్లీషు ఒక్కటే ఉంచుదామని నేను సెక్రటరీకి చెప్పాను. నాకు విసుగొచ్చింది. చేతకాలేదు అని చెప్పడం కంటే విసుగొచ్చింది అని చెప్పడం తేలిక.

నాగవేణి బస్టాండు దగ్గరి నెట్ సెంటర్లో ఎవరినో పట్టుకుని కొత్త తీరు టైపింగు నేర్చుకుంది. అలా టైపు చేస్తే ఏ కంప్యూటర్లో చూసినా తెలుగు తెలుగులాగే కనిపిస్తుంది. నాకు చూపించింది. నేను పది తప్పులు వెతికాను. అంతా మళ్లీ మొదటినుంచి కొట్టాలి కదా అన్నాను. కొడతానంది. ఎనిమిది నెలలు కొట్టింది. నోటుపుస్తకాలు పక్కన పెట్టుకుని, ఒక్కో పేజీ అయ్యాక ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టుకుంటూ, మూడు పుస్తకాలూ మళ్లీ కొట్టింది. నేను బ్రౌజర్లనీ, వెర్షన్లనీ తిట్టుకుంటూ కూర్చున్న అదే గదిలో, అవే మార్పులను ఆమె ఒక్కొక్కటిగా దాటుకుంటూ పోయింది. దాన్ని నేను ఎలా ఓర్చుకుంటాను?

పని పూర్తయిన రోజు సెక్రటరీ అందరి ముందూ ఆమెను మెచ్చుకున్నాడు. హైదరాబాదులో ఏదో శిక్షణ ఉంది, ఈ పిల్లను పంపుదాం అన్నాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. చీరల కట్టల వెనక నేను ఉన్నానని తెలియక, కోశాధికారితో ఇంకో మాటన్నాడు. "ఆ పిల్ల గదంత నేర్సుకొని వస్తె ఒక్క కంప్యూటర్‌కు ఇద్దరెందుకు?" అది నా చెవిన పడింది. ఆ రోజు నుంచి ఆమె ముఖం చూస్తే నాకు కడుపులో మండేది. ఆమె అన్నా అని పిలిచినప్పుడల్లా ఇంకాస్త ఎక్కువగా మండేది.

వేసవి మొదట్లో, మా సైటు ఉండే సర్వరు కంపెనీ నుంచి ఇంగ్లీషులో ఒక కబురు వచ్చింది. నెలాఖరుకు పాత డేటాబేసు మూసేస్తారట. ఎవరి సమాచారాన్ని వాళ్లే కొత్తదానికి మార్చుకోవాలట. మార్చడానికి ఒక బటన్ ఇచ్చారు. మార్చేముందు ఏం చూసుకోవాలో కింద రెండు పేజీలు రాశారు. నేను మొదటి నాలుగు వరసలు చదివి పళ్లు నూరుకున్నాను. మళ్లీనా? మొన్ననే కదా అన్నీ సరిచేసి చచ్చాను?

నాగవేణి మొత్తం చదివింది. పక్కన నిఘంటువు పెట్టుకుని చదివింది.

"అన్నా, ముందు అంత ఒక కాపీ తీసి పెట్టుకుందాం. మా నాయన మగ్గం మీద కొత్త పడుగు ఎక్కిచ్చెటప్పుడు పాతది కోసి పారెయ్యడు. పాత కొసలు అట్లనే ఉంచి, పోగుకు పోగు అతుకుతడు. అంత అతికినంకనే పాతది ముందుకు జరుగుతది. ఒక్క పోగు తప్పినా దొరకబట్టొచ్చు."

ఆ సంఘంలో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. చీరలు మడతపెట్టే ఆడవాళ్లకు తెలుసు, సెక్రటరీకి తెలుసు, లెక్కలు రాసే గుమాస్తాకు తెలుసు. ఎవరి మగ్గం మీదా పాత పడుగు పూర్తిగా ఊడదు. తెలియనిది నాకొక్కడికే. మా ఇంట్లో పద్ధతి వేరు. పాత మోళ్లన్నీ దున్ని పారేస్తేనే మా నాయన కొత్త విత్తనం వేసేవాడు. చేను శుభ్రంగా, నున్నగా ఉండాలి. పాతదాన్ని ఉంచుకుని కొత్తదాన్ని దానికి కట్టడమంటే నాకు పిరికితనంలా, మురికిలా కనిపించింది. పైగా చెప్పింది ఆమె.

"ఇది మగ్గం గాదు నాగవేణీ," అన్నాను. "గిది కంప్యూటర్."

ఆమె నిఘంటువు మూసి పక్కన పెట్టింది.

మర్నాడు ఆమె పొద్దున్నే వచ్చి తన పేరు, పాస్‌వర్డుతో సైటు తెరిచి పని చేసుకుంది. ఒంటిగంటకు వెనక వరండాలోకి, కండెలు చుట్టే ఆడవాళ్లతో కలిసి అన్నం తినడానికి వెళ్లింది. రోజూ రెండింటికి కరెంటు పోతుంది. కాపీ తీయాలంటే ఆ లైను మీద రెండు గంటలు పడుతుంది. నేను ఆమె కుర్చీలో కూర్చున్నాను. స్క్రీన్ మూలన ఆమె పేరు ఉంది. దాన్ని మూసి నా పేరుతో తెరవడానికి ఒక్క నిమిషం చాలు. తెరవలేదు.

బద్ధకమా? లేక నాకు ముందే తెలుసా? చెడిపోతే ఆమె పేరు మీద చెడిపోతుందని లోపల ఎక్కడో అనుకున్నానా? ఈ ప్రశ్న నన్ను నేను వెయ్యిసార్లు అడిగాను. ఒక్కోరోజు బద్ధకమే అనిపిస్తుంది. ఒక్కోరోజు కాదనిపిస్తుంది. తెలియదు అనడం కూడా తప్పించుకోవడమేనేమో.

బటన్ నొక్కాను. అది వెంటనే పని మొదలుపెట్టలేదు. మీ దగ్గర కాపీ ఉందా, ఉంటే ఇక్కడ టిక్కు పెట్టండి అని అడిగింది. నేను టిక్కు పెట్టాను. ఆ రోజు నేను మొదట అబద్ధం చెప్పింది మనిషికి కాదు, ఆ యంత్రానికి.

ఒక నీలం గీత ఇటునుంచి అటు నిండింది. పూర్తయిందని చెప్పింది. సైటు తెరిచాను. బొమ్మలు ఉన్నాయి. ఇంగ్లీషు ఉంది. తెలుగు ఉండాల్సిన చోట ప్రశ్న గుర్తులు ఉన్నాయి. ఒకటి కాదు, రెండు కాదు. ప్రతి అక్షరమూ ఒక ప్రశ్న గుర్తు. కిష్టప్ప పేజీ తెరిస్తే, పై నుంచి కింది దాకా ప్రశ్న గుర్తులే. ఇది మునుపటిలా చెదిరిపోవడం కాదు, సరిచేస్తే తిరిగి వచ్చేది కాదు. కొత్త డేటాబేసుకు ఆ అక్షరాలేమిటో నేను ముందుగా చెప్పాల్సింది. చెప్పలేదు. అది గుర్తుపట్టలేనివన్నీ తీసేసి, వాటి చోట గుర్తులు పెట్టేసింది. సర్వరు కంపెనీకి ఫోన్ చేస్తే ఒక కుర్రగొంతు తాపీగా చెప్పింది, పాతది తుడిచేశాం, మీ దగ్గర కాపీ ఉందని టిక్కు పెట్టారు కదా సార్ అని.

నాగవేణి చేయి తుడుచుకుంటూ వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. ఆమె కూర్చుని ఒక్కొక్క పేజీ తెరిచి చూసింది. కరెంటు పోయేదాకా అలా చూస్తూనే ఉంది. నన్ను ఏమీ అడగలేదు.

సాయంత్రం నాలుగింటికి కరెంటు వచ్చింది, సెక్రటరీ కూడా వచ్చాడు. సోమవారం చేనేత శాఖ నుంచి ఒక ఆఫీసరు సైటు చూడటానికి వస్తున్నాడు. ఆ హడావుడిలో ఉన్నాడాయన. స్క్రీన్ చూసి ఆయన ముఖం నల్లబడింది.

"ఎవరు జేసిండ్రు గీ పని?"

ఏ పని ఎవరి పేరు మీద జరిగిందో చూపే పేజీ తెరిచాను. "ఆమె పేరు మీదనే అయింది సార్."

అది అబద్ధం కాదు. అబద్ధం కాని ఆ మాట చెప్పుకుని నేను ఎన్ని రోజులు నిద్రపోయానో.

"నేను గాదు సార్," అంది నాగవేణి. "నేను గప్పుడు అన్నం తిననీకె పోయిన. అన్నకు తెలుసు."

సెక్రటరీ నా వైపు తిరిగాడు. "ఏందయ్యా, పోయిందా?"

"నేను చూడలె సార్."

మూడు మాటలు. ఇవే. వీటినే నేను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. చెబుతున్నప్పుడు నా గొంతు మామూలుగా ఉంది. ఆమె నా వైపు చూసింది. కోపం కనిపిస్తుందేమోనని నేను ఎదురుచూశాను. కనిపించలేదు. ఏదో సరిగా వినపడనట్టు, మళ్లీ చెబుతానేమోనన్నట్టు చూసింది. నేను స్క్రీన్ వైపు తిరిగాను.

కండెలు చుట్టే ఆడవాళ్లు మర్నాడు వచ్చి చెప్పారు, మాతోనే తిన్నది సార్ అని. "తిన్నదే అనుకో. నొక్కనీకె ఎంతసేపు? తినిపోయి నొక్కి ఉంటది," అన్నాడు సెక్రటరీ. ఆయనకు సోమవారం ఆఫీసరుకు చెప్పడానికి ఒక పేరు కావాలి. నేను పేరు ఇచ్చాను. మధ్యలో ఒకసారి సెక్రటరీ గది తలుపు తెరిచే ఉంది, నేను లోపలికి వెళ్లి నేనే సార్ అనొచ్చు. వెళ్లలేదు. ఆమెను పనిలోంచి తీసేశారు.

పోయేరోజు నాగవేణి మూడు నోటుపుస్తకాలు తెచ్చి నా టేబులు మీద పెట్టింది. "అన్ని వీటిలనే ఉన్నయన్నా. నేను లేకున్నా ఎవరితోనన్న మళ్ల కొట్టియ్యి. మా నాయనది మొదటి బుక్కుల ఉంది, జర పైలం." అంతే. తిట్టలేదు. ఏడవలేదు. ఆమె తిట్టి ఉంటే నేను తిరిగి తిట్టి, ఆ కోపంలో నన్ను నేను నమ్మించుకుని ఉండేవాణ్ణి. ఆ అవకాశం కూడా ఇవ్వకుండా పోయినందుకు నాకు ఆమె మీద ద్వేషం పుట్టింది. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే నిజం. అన్యాయం చేసింది నేను, ద్వేషించింది ఆమెను.

అప్పటికీ దారి ఉంది. పుస్తకాలు ఉన్నాయి. కొన్ని నెలలు కూర్చుంటే అంతా మళ్లీ వచ్చేది. ఆమె పోగుకు పోగు దాచిపెట్టి నా చేతికి ఇచ్చింది. నేను మూడో పుస్తకం చివరి పేజీ తెరిచాను. ఆమె అక్కడ ఏ రోజు పని ఆ రోజు రాసుకునేదని నాకు తెలియదు. చివరి నాలుగు వరసలు ఆ రోజువే.

"పొద్దున పదకొండు పేజీలు చూసిన. అప్‌గ్రేడ్‌కు ముందు కాపీ తియ్యమని అన్నకు మళ్ల చెప్పాలె. ఒంటిగంట అయింది, అన్నానికి పోతున్న, అన్న కంప్యూటర్ కాడ కూసుంటడంట. వచ్చినంక కాపీ తీసిండో లేదో అన్ననే అడగాలె."

ఆ పేజీ సెక్రటరీ ముందు పెడితే చాలు. ఆమె రాసుకున్నదే కదా, ఆమెకు తెలియదా? తెలిసి నాకెందుకు ఇచ్చింది? ఆయనకు చూపించి తన ఉద్యోగం కాపాడుకోవచ్చు కదా? గాభరాలో మరిచిపోయిందా? లేక నేనే తీసుకువెళ్లి చూపిస్తానని అనుకుందా? అలా అనుకుని ఉంటే, నా మీద అంత నమ్మకం పెట్టుకోమని ఆమెకు ఎవరు చెప్పారు?

పుస్తకాలు నా గదికి తెచ్చి రేకు పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఏమన్నా మిగిలిందా అని సెక్రటరీ అడిగితే ఏమీ మిగల్లేదన్నాను. అది ఆయనకు చెప్పిన రెండో అబద్ధం. తెలుగు పేజీలన్నీ మూసేశారు. ఇంగ్లీషులో రంగు, పొడవు, అంచు వెడల్పు మాత్రం మిగిలాయి. ఆ పుస్తకాల్లో మాట్లాడిన ముసలివాళ్లలో ఇద్దరు ఏడాది తిరక్కముందే పోయారు. వాళ్ల మాటలు నా తాళం కింద ఉన్నాయి.

నాలుగైదు నెలల తర్వాత, పత్తి విత్తనాల పంట మీదున్నప్పుడు, బస్సులో ఆత్మకూరు పోతున్నాను. రోడ్డు పక్క చేలో కూలి ఆడవాళ్లు వరసగా నిలబడి, గింజ కట్టడానికి ఒక పత్తి పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు రుద్దుతున్నారు. బస్సు ఎవరినో ఎక్కించుకోవడానికి ఆగింది. వరసలో రెండోది నాగవేణి. తలకు తువ్వాలు చుట్టుకుంది. ఆమె వేళ్లు గబగబా కదులుతున్నాయి, అక్షరాల మీద కదిలినట్టే. ఆమె తలెత్తింది. నేను చెప్పు వెతుక్కుంటున్నట్టు సీటు కిందికి వంగాను. బస్సు కదిలాక కూడా చాలాసేపు లేవలేదు.

తర్వాత ఆ సైటును చూపించే హైదరాబాదులో ఉద్యోగం సంపాదించాను. చేనేత సంఘానికి ఒంటిచేత్తో సైటు కట్టానని చెప్పాను. అక్కణ్ణుంచి మొదలైన బతుకే ఇది. ఇప్పుడు నా కింద పనిచేసేవాళ్లు నన్ను కాపీ సార్ అని చాటుగా పిలుస్తారు. ఏ చిన్న మార్పుకైనా ముందు కాపీ తీశారా అని నేను అరుస్తాను. ఒకసారి ఒకమ్మాయి తీయలేదంటే ఆమె ఏడ్చేదాకా అరిచాను. జాగ్రత్తగల మనిషినని వాళ్లు అనుకుంటారు.

అప్‌గ్రేడ్ కబురు ఎప్పుడొచ్చినా ఇప్పటికీ నేను ఆ కంపెనీలను తిడతాను. అంత ప్రమాదమైన పనికి అంత సులువైన బటన్ ఎందుకు పెట్టారని. పాతదాన్ని అంత తొందరగా ఎందుకు తుడిచేస్తారని. తిట్టి తిట్టి అలిసిపోయాక ఒకటే గుర్తొస్తుంది. ఆ యంత్రం నన్ను అడిగింది. కాపీ ఉందా అని సూటిగా అడిగింది. సెక్రటరీ అడిగాడు. ఇద్దరూ అడిగారు. ఇద్దరికీ అబద్ధమే చెప్పాను.

నాగవేణి రాజోలిలోనే ఉందని, కిష్టప్ప పోయాడని విన్నాను. గద్వాల నుంచి బస్సు ఉంది. ఎన్నోసార్లు ఆ బస్టాండు దాకా వెళ్లాను. రేపు వెళతానని మీకు చెప్పను. ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను, దాని విలువ నాకు తెలుసు. ఈ కాగితం వల్ల ఆమెకు ఏమీ తిరిగి రాదు. నాకు మాత్రం కొంచెం ఊపిరి ఆడుతోంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.

ఇదంతా ఆమె నెట్ సెంటర్లో నేర్చుకుని వచ్చి నాకు చూపిన తీరులోనే టైపు చేశాను. అప్పటినుంచి లోకంలో అన్నీ మారాయి, అది మాత్రం మారలేదు. మూడో పుస్తకం చివరి పేజీ నా పక్కన తెరిచి ఉంది. ప్రతి వరసకూ ఎర్ర టిక్కు ఉంది. చివరిదానికి లేదు. అన్ననే అడగాలె అని ఉంది, అంతే. ఆమె వచ్చేసరికి స్క్రీన్ మీద అంతా పోయి ఉంది, ఇక అడగాల్సిన పని లేకపోయింది.

తీయలేదు, నాగవేణీ. కాపీ నేను తీయలేదు. నువ్వు అన్నానికి పోవడం నేను చూశాను. గిన్నె పట్టుకుని గడప దగ్గర ఆగి, జొన్న రొట్టె ఉంది, తింటవా అన్నా, అని అడిగావు. నువ్వు పోయి తిను అన్నాను.